కిటికీలో నాలుగు నిమిషాలు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. ఒకావిడ నన్ను, "బాబూ, పట్టా మళ్ళీ కప్పెయ్యమంటావా?" అని అడిగింది. నేను ఆకాశం వైపు చూడలేదు. కంప్యూటర్ తెర వైపు చూశాను. దానిమీద "ఇంకా 1 నిమిషం" అని ఉంది. "ఒక్క నిమిషమేనమ్మా, వచ్చేస్తుంది" అన్నాను. ఆ నిమిషానికి ఏ అర్థమూ లేదని తెలిసిన మనిషిని అక్కడ నేనొక్కణ్ణే. ఎందుకంటే ఆ అంకెను అక్కడ పెట్టింది నేనే.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళ నాటి మాట ఇది. చిలకలూరిపేట బయట, హైవే పక్కన ఒక కోల్డ్ స్టోరేజీ ఉండేది. మిరప రైతులు దాన్ని ఏసీ అనేవారు. కల్లంలో ఎండిన కాయను గోనె బస్తాల్లో తొక్కి, మంచి ధర వచ్చేదాకా అందులో దాచుకునేవారు. ఆ బస్తానే మా వైపు టిక్కీ అంటారు. ఆ ఏసీ యజమానికే సత్తెనపల్లిలో ఒకటి, గుంటూరు శివార్లలో ఒకటి కూడా ఉండేవి. మూడింట్లోనూ ఏ గదిలో ఎంత ఖాళీ ఉందో, ఎవరు ముందుగా చెప్పుకున్నారో ఒకేచోట కనపడాలని ఆయన కోరిక. నేనప్పుడు పేటలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతూ, బయటివాళ్ళకు చిన్నచిన్న ప్రోగ్రాములు రాసిపెడుతుండేవాణ్ణి. ఇరవై ఏడేళ్ళవాణ్ణి. ఆ పని నాకు దొరికింది.

పని ఇదీ. బండి గేటు దగ్గరకు రాగానే మేనేజరు రైతు పేరు, ఊరు, ఎన్ని టిక్కీలో కొట్టి బటన్ నొక్కుతాడు. ఆ అభ్యర్థన ఫోన్ లైను మీద గుంటూరు ఆఫీసులో ఉన్న కంప్యూటర్‌కు చేరుతుంది. అది మూడుచోట్ల ఖాళీలూ చూసి, ఒక గదిలో చోటు కేటాయించి జవాబు పంపుతుంది. ఇక్కడ ప్రింటర్లోంచి చీటీ వస్తుంది. చీటీ వస్తేనే సరుకు దిగుతుంది. చీటీ లేకపోతే సరుకు ట్రక్కు మీదే ఉంటుంది.

చిక్కంతా ఆ బటన్ నొక్కడానికీ చీటీ రావడానికీ మధ్య ఉండేది. మొదటి రోజుల్లో తెరమీద ఏమీ ఉండేది కాదు. తెల్లటి పేజీ, దానిమీద ఇసుక గడియారం బొమ్మ. మేనేజరుకు ఓపిక తక్కువ. ఇంకోసారి నొక్కేవాడు, మరోసారి నొక్కేవాడు. నొక్కిన ప్రతిసారీ గుంటూరుకు ఒక కొత్త అభ్యర్థన వెళ్ళేది. ఒకే బండికి మూడు గదుల్లో చోటు రాసిపెట్టిన రోజులున్నాయి. బయట రైతులు కేకలు. యజమాని నన్ను పిలిపించి, "ఎంతసేపు పడుతుందో తెరమీద చూపించవయ్యా. ఆ అంకె చూసుకుంటూ కూర్చుంటారు" అన్నాడు.

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. ఆ అంకె నేను ఎలా రాబట్టానన్నదే తప్పు.

చెయ్యవలసిన పని నాకు తెలుసు. చేతి గడియారం పెట్టుకుని మూడు గేట్ల దగ్గరా వారం రోజులు నిలబడాలి. ఏ వేళలో ఎంతసేపు పడుతోందో రాసుకోవాలి. నేను ఒక్క గేటుకూ పోలేదు. మార్చి ఎండ మొదలైంది. గుంటూరు ఆఫీసులో ఫ్యాను కింద, ఆ కంప్యూటర్ పక్కనే ఇంకో కంప్యూటర్ పెట్టుకుని నొక్కి చూశాను. జవాబు కొన్ని సెకండ్లలో వచ్చింది. సెకండ్లు రాస్తే ఎవరూ నమ్మరనిపించింది. ఒక మనిషి విసుక్కోకుండా ఎంతసేపు ఆగుతాడు? ఒక టీ తాగినంతసేపు. నాలుగు నిమిషాలు అనుకున్నాను. అంతే, నాలుగు అలా పుట్టింది.

బటన్ నొక్కగానే నాలుగు కనపడుతుంది. నిమిషానికొకటి చొప్పున తగ్గుతుంది. ఒకటి దగ్గరకు వచ్చాక, జవాబు వచ్చేదాకా ఆ ఒకటే అలా నిలబడుతుంది. పక్కన ఒక ఆకుపచ్చ గీత నిండుతూ ఉంటుంది, చివర్లో కాస్త మిగుల్చుకుని ఆగిపోతుంది. ఆ ప్రోగ్రాముకు గుంటూరులో ఏం జరుగుతోందో తెలియదు. అది దేన్నీ కొలవదు. ఊరికే లెక్కపెడుతుంది.

ఆ రోజుల్లో ఆ పేజీల్లో తెలుగు అక్షరాలు సరిగ్గా వచ్చేవి కావు, ముక్కలైపోయేవి. అందుకని నేను మాటల్ని బొమ్మలుగా చేశాను. పసుపుపచ్చ మీద ఎర్రటి అక్షరాలు: "ఇంకా 4 నిమిషాలు", "ఇంకా 3 నిమిషాలు", "ఇంకా 2 నిమిషాలు", "ఇంకా 1 నిమిషం". నాలుగే నాలుగు బొమ్మలు. అక్షరాల గుండ్రదనం కోసం రెండు రోజులు కష్టపడ్డాను. అంకె నిజమా కాదా అన్నదానికి రెండు గంటలు కూడా పెట్టలేదు.

మానిటర్‌ను గేటు గది కిటికీలో, తెర బయటికి కనపడేలా తిప్పి పెట్టించారు. రైతులు వచ్చి చూసేవాళ్ళు. తెలుగులో ఉందని మెచ్చుకునేవాళ్ళు. ఒక పెద్దాయన నా భుజం తట్టి, "మాకర్థమయ్యేట్టు పెట్టావయ్యా" అన్నాడు. నేను పొంగిపోయాను. కేకలు నిజంగానే తగ్గాయి. మేనేజరు రెండోసారి నొక్కడం మానేశాడు.

కానీ ఇంకొకటి మారింది. అది నేను గమనించలేదు, గమనించినా పట్టించుకోలేదు. సరుకు దించే హమాలీల ముఠాకు అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. చీటీ వచ్చినప్పుడు ఏ బండైతే మోకు తాళ్ళు విప్పి, పైన కప్పిన టార్పాలిన్ పట్టా తీసి సిద్ధంగా ఉంటుందో ఆ బండి మీదికే ఎక్కుతారు. కట్టి ఉన్న బండి దగ్గర ఆగరు, వెనకదానికి పోతారు. సీజన్లో బండ్లు హైవే దాకా నిలబడేవి కాబట్టి ఒకసారి ముఠా దాటిపోతే మళ్ళీ సాయంత్రమే. తెల్ల పేజీ రోజుల్లో చీటీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కనుక, మేనేజరు కేకేసేదాకా ఎవరూ మోకు ముట్టుకునేవారు కాదు. నా అంకె వచ్చాక, నాలుగు కనపడగానే విప్పడం మొదలుపెట్టారు. ఎండల్లో దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఒకటి దగ్గర పది నిమిషాలు ఆగినా, పావుగంట ఆగినా, తిట్టుకుని ఊరుకున్నారు.

ఏప్రిల్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం అది జరిగింది. పని ఎలా నడుస్తోందో చూద్దామని నేను పేట గేటు దగ్గరే ఉన్నాను. చూద్దామని అంటున్నాను గానీ, మెప్పు కోసం వెళ్ళాననడం నిజం.

ఒక ట్రాక్టర్ వచ్చి ఆగింది. నడిపేవాడికి పాతికేళ్ళుంటాయి. మడ్‌గార్డు మీద కూర్చున్నావిడ వాడి అక్క, నలభై దాటినావిడ. పేటకు పడమరగా పదిహేను కిలోమీటర్ల దూరంలో వాళ్ళ ఊరు. భర్త కాలు విరిగి, నెలల తరబడి అతక్క మంచంలో ఉంటే, ఆ ఏడు నారు పోసిన దగ్గర్నుంచి కాయ ఎండేదాకా ఆవిడే చూసుకుందట. ట్రాక్టర్ వెనక ట్రక్కు మీద నలభై రెండు టిక్కీలు. ఆ ఏడాది పంటంతా అదే. మేనేజరు వివరాలు కొట్టి బటన్ నొక్కాడు. కిటికీలో నాలుగు కనపడింది.

ఆవిడ కిటికీ దగ్గరకు వచ్చింది. "ఏం బాబూ, ఎంతసేపంట?"

"నాలుగు నిమిషాలమ్మా. అదిగో, రాసుంది."

"నాకూ చదువొచ్చులే. అది నిజమా కాదా అని అడుగుతున్నా."

"నిజమేనమ్మా" అన్నాను.

తమ్ముడు ట్రక్కు పక్కన నిలబడి అరిచాడు. "అక్కా, ఇప్పితే పోలా? మొన్న మనూరోళ్ళు చెప్పలా, నాలుగన్నాక తియ్యాలని!"

"ఒరేయ్, పడమట మబ్బు చూడు."

"చూశాలే. అది ఇక్కడికి రావాలంటే గంట పడుద్ది."

ముఠా పెద్ద అరవై ఏళ్ళ సాయిబు. నమాజుకు వెళ్ళొచ్చి, తువ్వాలు తలకు చుట్టుకుంటూ నిలబడ్డాడు. "అమ్మాయ్, ఇప్పినోళ్ళకే ముందు. మావాళ్ళు తయారుగా ఉన్నారు. తర్వాత నన్నేం అనుకోవద్దు" అన్నాడు.

ఆవిడ ఇంకోసారి తెర వైపు చూసింది. మూడు కనపడింది. "సరే, ఇప్పు" అంది.

మోకులు విప్పారు. పట్టా లాగి మడతపెట్టారు. తెరమీద రెండు వచ్చింది, ఒకటి వచ్చింది. ఒకటి అక్కడే నిలబడింది.

పది నిమిషాలైంది. ముఠా పెద్ద బీడీ వెలిగించుకుని, "ఇదేం నిమిషం బాబూ? మా ఊరి ప్రైవేటు బస్సోడి నిమిషంలాగుంది. ఎక్కండి ఎక్కండి, కదుల్తున్నా అంటాడు, చక్రం తిరగదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు.

ఇరవై నిమిషాలైంది. పడమటి మబ్బు చింతపండు రంగుకు తిరిగింది. హైవే మీద దుమ్ము లేచింది. మాది దర్శి దగ్గర ఊరు. పొగాకు, పత్తి పండించే ఇంట్లో పుట్టాను. అలాంటి గాలి వచ్చిందంటే ఏం చెయ్యాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు అలాంటి గాలికే అన్నం ముందునుంచి లేచి పత్తి కప్పడానికి పరిగెత్తినవాణ్ణి.

అప్పుడే ఆవిడ ఆ మాట అడిగింది. "బాబూ, పట్టా మళ్ళీ కప్పెయ్యమంటావా? కప్పితే మోకు బిగించటానికే పావుగంట. ఈలోపు చీటీ వస్తే వీళ్ళు ఎనకబండికి పోతారు. నీ పెట్టె ఏమంటోంది, చెప్పు."

నాకు తెలియదు అని చెప్పెయ్యొచ్చు. రెండు మాటలు. నా పక్కన మేనేజరు ఉన్నాడు. కిటికీ చుట్టూ పదిమంది ఉన్నారు. ఆ అంకె ఉత్తదని వాళ్ళముందు ఒప్పుకోవాలి. నేను తెర చూసి, నేను పెట్టిన అంకెనే నేను చదివి, ఆవిడకు చెప్పాను.

పెద్ద చినుకులు మొదలైనప్పుడు అందరం పరిగెత్తాం. ముఠావాళ్ళు, తమ్ముడు, ఆవిడ, నేను, పట్టా తలా ఒక మూల పట్టుకున్నాం. గాలికి అది మా చేతుల్లోంచి లేచిపోయింది. రెండుసార్లు వేశాం, రెండుసార్లు ఎగిరింది. మూడోసారి టిక్కీల మీదికి ఎక్కి దానిమీద బోర్లా పడుకున్నారు ముఠావాళ్ళు. అప్పటికి పై రెండు వరసలు, పడమటి పక్క మొత్తం తడిసిపోయాయి. వాన పావుగంట కూడా కురవలేదు. అది తగ్గుతుండగా లోపల ప్రింటర్ గరగరమంది. గది నంబరుతో సహా చీటీ వచ్చింది.

మేనేజరు చీటీ పట్టుకుని బయటికి వచ్చాడు. ఒక టిక్కీ మీద చెయ్యి వేసి చూశాడు. "తడి సరుకు లోపలికి రాదమ్మా" అన్నాడు.

"పైవే తడిచినయ్యి అన్నా. అడుగువి ముట్టుకుని చూడు, పొడిగా ఉన్నయ్యి."

"ఏది తడిచిందో ఏది తడవలేదో ఇప్పుడెట్టా తేలుద్ది? ఒక్కటి బూజు పట్టిందంటే గదిలో అందరి సరుకూ పోద్ది. తీసుకెళ్ళి ఎండబెట్టుకు రా తల్లీ."

ఆయన కఠినంగా ఏం అనలేదు. ఆ నియమం సరైనదే. ఆయన చీటీ మీద అడ్డంగా గీత కొట్టాడు.

తమ్ముడు నా మీదికి వచ్చాడు. నీళ్ళు కారుతున్న మొహంతో, "ఏమయ్యా, నిమిషం నిమిషం అన్నావే! ఇదేనా నీ నిమిషం?" అన్నాడు.

అప్పుడు నేను రెండో తప్పు చేశాను. మొదటిదానికంటే ఇదే పెద్దదని నాకనిపిస్తుంది. "వానకి లైను పోయిందండి. లేకపోతే వచ్చేసేదే" అన్నాను. లైను పోలేదు.

ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "ఆ అబ్బాయిననకురా. వాన అతని చేతిలో ఉందా?" అని, నావైపు తిరిగి, "నువ్వేం చేస్తావులే బాబూ. తడిచావు, తల తుడుచుకో" అంది. భుజం మీది తువ్వాలు తీసి ఇవ్వబోయి, అది కూడా తడిసిందని చూసి ఊరుకుంది.

వాళ్ళ ట్రాక్టర్ తిరిగి రోడ్డెక్కేదాకా నేను అక్కడే నిలబడ్డాను. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆ సాయంత్రమే మేనేజరు గదిలో కూర్చుని గుంటూరు కంప్యూటర్లోని చిట్టా తెరిచి చూశాను. ఏ అభ్యర్థన ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు జవాబు వెళ్ళింది, అన్నీ దాంట్లో ఉన్నాయి. మూడు నెలలుగా ఉన్నాయి. ఆవిడ అభ్యర్థన చేరేటప్పటికి దానికంటే ముందు పంతొమ్మిది ఉన్నాయి. సత్తెనపల్లి గేటు దగ్గరా, గుంటూరు గేటు దగ్గరా మబ్బు చూసి అందరూ ఒకేసారి తొందరపడ్డారు. పంతొమ్మిదీ అయ్యాకే ఆవిడ వంతు. నాలుగు నిమిషాల్లో రావడం ఏ రకంగానూ జరిగే పని కాదు. ఆ సంగతి అవతలి యంత్రానికి తెలుసు. దాన్ని అడగాలన్న ఆలోచన ఒక్కసారి కూడా నాకు రాలేదు. నా అంకె బాగానే కనపడుతోంది, అది చాలనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మోటార్‌సైకిల్ తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. ఊరి చివర కల్లాలు. వాళ్ళది వెతుక్కోవలసిన పని లేకపోయింది. అప్పటికే మిగతా కల్లాలు ఖాళీ అయ్యాయి, ఒక్కచోటే మళ్ళీ ఎర్రగా పరిచి ఉంది. ఎరుపు కూడా ఒక రకంగా లేదు. పొడికాయ మెరుస్తోంది, తడిసింది మసకబారింది. వేపచెట్టు నీడలో నులకమంచం మీద, కాలికి పిండికట్టుతో ఆవిడ భర్త. ఆవిడ ఒక మూల కూర్చుని కాయ తిరగేస్తోంది.

"ఎవరూ, ఏసీ అబ్బాయా? ఇంత దూరం వచ్చావేం?" అంది.

దారిపొడుగునా నేను మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఒక్కటీ గుర్తు రాలేదు. "నిన్న లైను పోలేదమ్మా" అన్నాను. "ఆ నాలుగు నిమిషాలు ఉత్తవి. నేనే వేశాను. ఎంతసేపు పడుతుందో నాకు తెలియదు, ఆ పెట్టెకూ తెలియదు. ఒకటి దగ్గర ఆగిపోయేట్టు పెట్టింది కూడా నేనే. మీరడిగినప్పుడు నాకా సంగతి తెలుసు. తెలిసే చెప్పాను."

ఆవిడ చేతులు ఆగాయి. మంచం మీదాయన లేవబోయి, కాలు గుర్తొచ్చి మళ్ళీ వాలాడు.

"తెలియకపోతే తెలియదని చెప్పటానికి నోరు లేదా నీకు?" అంది ఆవిడ.

నేను తల వంచుకున్నాను.

"వాన ఎప్పుడొస్తదో మాకు తెలుసా? తెలియదు. తెలియదు గనకే పట్టా కప్పుకుని తిరుగుతాం. తెలియదంటే జాగర్త పడేదాన్ని. నువ్వు తెలుసన్నావు, నేను ఇప్పాను." గొంతు పెంచలేదు. "అడిగాను కూడా. రెండుసార్లు అడిగాను."

"అవునమ్మా."

"ఇంకేం చెయ్యటానికొచ్చావు? చెప్పటానికేనా?"

"కాయ తిరగేస్తాను. ఏరతాను. మీరు ఏది చెబితే అది."

ఆవిడ నా ఇస్త్రీ చొక్కా వైపు చూసింది. "మాట్లాడుతూ నిలబడకు అయితే. ఆ చివర్నుంచి తిరగెయ్. తొక్కకుండా."

మూడు రోజులు వెళ్ళాను. కంప్యూటర్ సెంటర్లో సెలవు పెట్టాను. తడిసిన కాయను పలచగా పరవడం, గంటకోసారి తిరగెయ్యడం, తొడిమ దగ్గర నల్లబడినవీ తెల్లబారినవీ ఏరి పక్కన పడెయ్యడం. అలా రంగు పోయిన వాటిని తాలు అంటారు, వాటిని ఏసీలో పెట్టరు. మొదటిరోజు మధ్యాహ్నానికే నా చేతులు మండిపోయాయి. తెలియక కళ్ళు తుడుచుకున్నాను. మంచం మీదాయన అది చూసి పెద్దగా నవ్వాడు. "ఏమయ్యా కంప్యూటరూ, ఈ కాయ ఎండటానికి ఎన్ని నిమిషాలు పడుద్దో చెప్పు మరి!" అని అరిచాడు. రోజుకు నాలుగైదుసార్లన్నా ఆ మాట అనేవాడు. తమ్ముడు మొదటి రెండు రోజులూ నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడకుండానే మజ్జిగ చెంబు తెచ్చి నా పక్కన పెట్టాడు. ఆవిడ మాత్రం నన్ను క్షమించానని గానీ, లేదని గానీ ఎప్పుడూ అనలేదు. ఎక్కడ తిరగెయ్యాలో చెప్పింది, ఎక్కడ సరిగా ఏరలేదో చెప్పింది.

నలభై రెండింట్లో తొమ్మిది టిక్కీల కాయ తాలులోకి పోయింది. ముప్ఫై మూడు నిలిచాయి.

నాలుగో రోజు నేను గుంటూరు వెళ్ళి యజమానికి మొత్తం చెప్పాను. "ఇన్నాళ్ళూ అది ఉత్తదేనా?" అన్నాడు. కొత్తగా ఏం పెట్టబోతున్నానో చెబితే ఇంకా చిరాకు పడ్డాడు. "తెలియదని రాసుకోవడానికి కంప్యూటర్ ఎందుకయ్యా? మా మేనేజరు ఊరికే చెబుతాడుగా తెలియదని!"

"తెలిసినంతవరకు చెబుదామండి. అది దాటితే తెలియదని చెబుదాం."

"సరే. అయితే ఈ సీజన్ అయ్యేదాకా ఆ కిటికీ దగ్గర నువ్వే నిలబడు. తిట్లు కూడా నువ్వే తిను" అన్నాడు. ఒప్పుకున్నాను.

ఈసారి ముందు గడియారం పట్టుకున్నాను. మూడు గేట్ల దగ్గరా తిరిగాను. పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా, మబ్బు పట్టిన రోజు ఇంకోలా ఉంది. అన్నిటికీ సరిపోయే ఒక్క అంకె ఎక్కడా లేదు. కాబట్టి ఒక్క అంకె చూపించడం మానేశాను. అవతలి కంప్యూటర్ని అడిగి తెలుసుకోగలిగినవి రెండే పెట్టాను: మీ ముందు ఇంకా ఎన్ని బండ్లున్నాయి, ఇప్పుడే చీటీ అందుకున్న బండి ఎంతసేపు ఆగింది. ముందు బండి తగ్గితేనే అంకె తగ్గుతుంది, లేకపోతే ఉన్నచోటే ఉంటుంది. ఆకుపచ్చ గీత తీసేశాను. అవతలినుంచి ఏ కబురూ లేకపోతే చూపించడానికి ఒక బొమ్మ కావలసి వచ్చింది. మళ్ళీ పసుపు మీద ఎరుపు అక్షరాలు. ఈసారి గుండ్రదనం కోసం కష్టపడలేదు. "ఎంతసేపో తెలియదు. పట్టా తియ్యకండి."

అది సరిపోదని నాకు తెలుసు. మోకు ముందే విప్పేలా తొందరపెట్టేది ముఠా కట్టుబాటు. ముఠా పెద్ద దగ్గరకు వెళ్ళి ఆయనకు కూడా జరిగింది చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, "అంటే ఆ రోజు నేను బస్సోడి మాటన్నప్పుడు, నువ్వు నవ్వింది అందుకా?" అన్నాడు. ఆయన తన మనుషుల వైపు తిరిగాడు. "ఒరేయ్, ఇయ్యాల్టి నుంచి చీటీ చేతికొచ్చాకే మోకు. ఇప్పేదాకా ఆగుదాం. ఎనకబండికి పోయేది లేదు" అన్నాడు. ఒకడు, "అట్టా ఆగితే పొద్దుగూకుద్ది పెద్దాయనా" అన్నాడు. "గూకనియ్. ఆ పిల్ల పంట మీద మనం పడుకున్నాం గుర్తుందా?" అన్నాడాయన.

నేను తిన్న తిట్లు తక్కువేమీ కాదు. ముందు ఇంకా పన్నెండు బండ్లు అని కనపడితే పన్నెండు బండ్లవాళ్ళూ నన్నే తిట్టినట్టుండేది. నాలుగు నిమిషాల అంకే బాగుందని కొందరు మొహం మీదే అన్నారు. కానీ తెలియదన్న బొమ్మ వచ్చినప్పుడు ఎవరూ పట్టా తియ్యలేదు.

కొత్త తెర పెట్టిన వారానికి ఆవిడ ట్రాక్టర్ మళ్ళీ వచ్చింది. ముప్ఫై మూడు టిక్కీలు. ఆ ముందురోజే మేనేజరును బతిమాలి వాళ్ళకు చోటు ఉందో లేదో కనుక్కున్నాను. ఉంది. అయినా ఆవిడకు ముందుగా మాట ఇవ్వలేదు. వరసలో అందరిలాగే నిలబడింది. కిటికీ దగ్గరకు వచ్చి తెర చదివింది. "మీ ముందు ఇంకా 6 బండ్లు" అని ఉంది. కాసేపటికి ఫోన్ లైను ఆగింది, తెలియదన్న బొమ్మ వచ్చింది. ఆవిడ దాన్ని కూడా చదివింది. నావైపు చూడలేదు. వెళ్ళి ట్రక్కు నీడలో కూర్చుని, చెంగుతో విసురుకుంటూ ఉండిపోయింది. మోకు ముట్టుకోలేదు.

చీటీ వచ్చింది. మేనేజరు పట్టా అంచు కిందనుంచి ఒక టిక్కీలో చెయ్యి పెట్టి కాయ తీసి, చెవి దగ్గర విదిలించి గింజ చప్పుడు విన్నాడు. తలూపాడు.

తమ్ముడు ట్రక్కు మీదికి ఎక్కబోతుంటే నేనే ముందు ఎక్కాను. మోకు నేను విప్పుతానన్నాను. వాడు భుజాలెగరేసి దిగాడు. మోకు ముడులు నేననుకున్నదానికంటే గట్టిగా ఉన్నాయి. వాళ్ళు ఈసారి ఇంకా గట్టిగా బిగించినట్టున్నారు. అలవాటు లేని వేళ్ళతో మొదటి ముడి దగ్గర కూర్చున్నాను. కింద ముఠావాళ్ళు వరసగా నిలబడి ఆగారు. వెనకబండికి పోలేదు.

"ఎంతసేపు బాబూ?" అని అడిగింది ఆవిడ కిందినుంచి.

"తెలియదమ్మా. ముడి గట్టిగా ఉంది."

"సరే, కానివ్వు" అంది. తలూపి, నేను విప్పేదాకా అక్కడే నిలబడింది.